ఆ సింహాన్ని కూర్చోబెట్టిందెవరు?

కీట్‌మన్స్‌హూప్,
28 నవంబర్ 1995

ఎఫ్రయిమ్,

నువ్వు అబద్ధాలకోరువి. ఇంతకంటే మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, ఉన్నా నీ మీద ఖర్చు పెట్టను.

ఏప్రిల్‌లో మేకల్ని తోలుకుని బెర్సెబా దాటేటప్పుడు నీ పెళ్ళాం హెస్టర్ ఎదుట, చర్చి పెద్ద ఎదుట ఏమన్నావు? "ఖునుసెతి ఆడవాళ్ళు పొద్దుగూకగానే తూర్పున కనబడేనాటికి మందతో సహా ఇంట్లో ఉంటాను, అక్క మీద ఒట్టు" అన్నావు. నిన్న సాయంత్రం పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తూ తలెత్తి చూశాను. ఆకాశంలో ఆ చుక్కల ఆడవాళ్ళు గుంపుగా వచ్చేశారు. వాళ్ళ వెనకాలే వాళ్ళ మొగుడు, ఆ ఎర్ర చుక్క ఆఓబ్ కూడా వచ్చాడు. రానిది నువ్వొక్కడివే. హెస్టర్ ఇంటి ముందు దొడ్డి ఖాళీగా ఉందని అక్కడి నుంచి వచ్చిన ప్రతి బండివాడూ చెబుతున్నాడు.

దేవుడి మీద ఒట్టేసి తప్పి ఉంటే నీకూ దేవుడికీ మధ్య అనుకుని ఊరుకునేదాన్ని. అక్క మీద వేశావు. మన నామా వాళ్ళకి దాని పైన ఇంకో ఒట్టు లేదని నీకు తెలుసు. తప్పినవాడి మందలోకి అక్క నడిచి వెళ్ళి, బాగా బలిసిన మేకల్ని ఏరి తోలుకుపోవచ్చు. ఏ పెద్దమనిషీ, ఏ కోర్టూ అడ్డు చెప్పకూడదు. ఆ హక్కు నేను వాడుకుంటున్నాను. బడికి సెలవులివ్వగానే వస్తాను. మెడలో గంట ఉన్న పోతుతో మొదలుపెట్టి ఏరుకుంటాను.

ఇంకో మాట. వయసొచ్చిన తమ్ముడు అక్కతో నేరుగా మాట్లాడకూడదన్న పాత నియమం పట్టుకుని నువ్వు గోడకీ కుక్కకీ కబుర్లు చెప్పి నాకు వినిపిస్తుంటావు. ఈసారి ఆ నాటకం వద్దు. నాకు రాయి.

లీదియా


మేకల మకాం, కొంకీప్ వాగు,
17 డిసెంబర్ 1995

మా అక్క వంటింట్లో పొయ్యి మీద ఉండే కెటిల్‌కి,

క్షేమమా? మూతి దగ్గర సొట్ట అలాగే ఉందా? నీతోనే చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు మరిగేటప్పుడు పక్కన ఎవరైనా వింటూ ఉండవచ్చు. వింటే నా తప్పు కాదు.

ఆవిడకి ఎవరైనా చెబితే బావుండును: తమ్ముడు బాగున్నాడు. మేకలూ బాగున్నాయి. మరీ బాగుండటం వల్లే కదిలించలేకపోతున్నాను. ఇక్కడేదో గిట్టల జబ్బు తిరుగుతోందట, మందల్ని ఈ తాలూకా దాటించవద్దన్నారు. పైగా దారి బాగాలేదు, నక్కలున్నాయి, ఎండ మండిపోతోంది. టీచరమ్మలు ఇంత దూరం రావడం వాళ్ళ ఆరోగ్యానికి మంచిది కాదు.

కెటిలూ, ఇంకో సంగతి నువ్వు గమనించే ఉంటావు. పోయినేడాది పేపర్లో ఒకావిడ "పాత కట్టుబాట్లన్నీ మూటగట్టి ఎడారిలో పారేద్దాం" అని రాసింది. మన పక్కింటి ముసలాయన దాన్ని మూడుసార్లు చదివించుకుని మూడుసార్లూ ఉమ్మాడు. ఆవిడే ఇప్పుడు అక్క హక్కు, మేకల హక్కు అంటోంది. మూటలోంచి ఇదొక్కటీ జారి కింద పడిందా?

హెస్టర్‌కి నా టోపీ దొరికిందని ఎవరైనా చెబితే సంతోషిస్తాను. మంచం కింద కాదు, నా తల మీదే ఉంది.

ఎఫ్రయిమ్


కీట్‌మన్స్‌హూప్,
14 జనవరి 1996

ఎఫ్రయిమ్,

అవును, ఏరుకునే పారేస్తాను. ఆడదాని నోరు మూయించే కట్టుబాటుని పారేశాను. ఆడదానికి మేకలిచ్చే కట్టుబాటుని ఉంచుకున్నాను. మన తాతలు చేసిన వంద చెత్త పనుల మధ్య ఒక మంచి పని చేస్తే దాన్ని కూడా పారేసేంత తిక్కదాన్ని కాను. ఉమ్మిన ముసలాయనకి ఇది కూడా చదివించు.

నీ గిట్టల జబ్బు మాట నమ్మి సెలవుల్లో రాలేదు. ఇప్పుడు పశువుల ఆఫీసులో అడిగాను. గుమస్తా నవ్వాడు. "టీచర్, అలాంటిదుంటే ముందు నా ఉద్యోగం ఊడేది" అన్నాడు.

ఆ తర్వాత మంగళవారం ఆసుపత్రికి వెళ్ళాను. రక్తపోటు చూపించుకోడానికి, ఎవరి పుణ్యమో నీకు తెలుసు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుడుతూ, "మీ నామా వాళ్ళకి చుక్కల కథలు చాలా ఉన్నాయి కదండీ. క్రిస్మస్‌కి కొంకీప్ వైపు టూరిస్టుల విడిదిలో ఉన్నాం. అక్కడ ఒకాయన చూపించాడు. పొడుగ్గా ఉంటాడు, ముందు పళ్ళ మధ్య సందు. పాత టోపీ పెట్టుకుంటాడు, చీకట్లో కూడా తియ్యడు" అంది.

నా రక్తపోటు ఎంతకి పోయిందో ఆవిడ రెండుసార్లు చూసింది.

అంటే నువ్వు మేకల మకాంలో లేవు. పరదేశుల విడిదిలో, జీతానికి, మన అవ్వ చెప్పిన కథ అమ్ముకుంటున్నావు. దాన్నైనా సరిగ్గా చెబుతున్నావా? డాక్టరమ్మ నాకు అప్పజెప్పింది. "ఆ ఆడవాళ్ళు మొగుడితో, పో, ఆ మూడు జీబ్రాల్ని కొట్టి తే, తేకపోతే గుమ్మం తొక్కకు అన్నారు. ఒకే బాణం పట్టుకెళ్ళాడు. గురి తప్పింది. బాణం తెచ్చుకుందామంటే పక్కన సింహం కూర్చుంది. ఇంటికి పోదామంటే పెళ్ళాల భయం. ఆకలితో, చలికి వణుకుతూ ఇప్పటికీ ఆకాశంలో అక్కడే ఉన్నాడు, ఆ జీబ్రాలూ సింహమూ కూడా చుక్కలే." తర్వాత నువ్వు, "మా ఆడవాళ్ళ నాలుక అలాంటిది మేడమ్, నమ్మండి, మా అక్క మీద ఒట్టు" అన్నావట. అందరూ పగలబడి నవ్వారట.

మళ్ళీ నా మీద! నేనేమైనా విడిది గేటు దగ్గర పెట్టిన కాళ్ళు తుడుచుకునే పట్టానా?

డాక్టరమ్మ వాళ్ళ దేశంలో ఆ ఎర్ర చుక్క మగాడు కాదట. ఆడది, పేరు రోహిణి. చంద్రుడికి చాలామంది పెళ్ళాలట. ఆయన ఎప్పుడూ రోహిణి ఇంట్లోనే ఉంటుంటే మిగతావాళ్ళు తండ్రికి చెప్పుకున్నారట. తండ్రి శపించాడు, చంద్రుడు అరిగిపోవడం మొదలైంది. నేను అడిగాను: "చూశారా, మీ దగ్గర కూడా చివరికి తప్పు ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళ మీదికే వచ్చిందా?" డాక్టరమ్మ పట్టీ విప్పింది. "చిన్నప్పట్నుంచీ విన్నాను కానీ ఇలా ఆలోచించలేదండీ" అంది. ఆలోచించండి అన్నాను.

నువ్వూ ఆలోచించు. ఆ కథలో అందరూ పెళ్ళాల నోటి గురించి మాట్లాడతారు, మొగుడి పిరికితనం గురించి మాట్లాడతారు. సింహం గురించి ఒక్కడూ మాట్లాడడు. ఆ మూడు జీబ్రాలు దానివేనా? ఎవరిచ్చారు? దాన్ని అక్కడ కూర్చోబెట్టిందెవరు? పస్తున్న ఇంట్లో మొగుడూ పెళ్ళాలూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే సింహానికి ఎంత హాయి! కదలకుండా కూర్చోవచ్చు.

మేకలెక్కడున్నాయి?

లీదియా


విడిది, కొంకీప్ వాగు,
4 ఫిబ్రవరి 1996

కెటిల్‌కి,

నీ పక్కనున్నావిడ బాగా మరుగుతోందని తెలిసింది. నువ్వు కాస్త చల్లారు.

సరే, చెప్పు ఆవిడకి. తమ్ముడు విడిదిలోనే ఉన్నాడు. మేకలు ఒక స్నేహితుడి దగ్గర ఉన్నాయి. పని కూడా తప్పుడు పనేం కాదు. పొద్దుగూకాక అతిథుల్ని ఇసుక దిబ్బ మీద కూర్చోబెట్టి వేలు చూపించడమే. వంటమనిషి మగ్దలీన నన్ను రోజూ దెప్పుతుంది. "నేను పొయ్యి దగ్గర చస్తుంటే నువ్వు వేలెత్తి అన్నం తింటున్నావు" అంటుంది. "నీ వేలు కూడా ఎత్తు" అంటాను. "నాది ఎత్తితే నీ కంట్లోకే" అంటుంది.

కానీ ఒకటి చెప్పాలి. ఇక్కడికి వచ్చేవాళ్ళ దగ్గర నేను చుక్క ఇచ్చి పేర్లు పుచ్చుకుంటున్నాను. జర్మనీ వాళ్ళు అది ఎద్దు కన్ను అన్నారు. కోపంగా ఉన్న ఎద్దుట. ఖార్తూమ్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన అరబ్బీలో దాని పేరుకి అర్థం వెనకాల వచ్చేవాడు అని చెప్పాడు. ఎవరి వెనకాల అని అడిగితే మన ఖునుసెతి ఆడవాళ్ళనే చూపించాడు. మన అవ్వ ఆయన్ని చూసింది లేదు, ఆయన మన అవ్వని చూసింది లేదు.

దుర్భిణీలు తయారుచేసే ఒకామె ఇంకోటి చెప్పింది. అది ముసలి చుక్కట. లోపలి నిప్పు అయిపోతున్నకొద్దీ ఉబ్బిపోయిందట, పైన చల్లబడి ఎర్రబడిందట. మన సూర్యుణ్ణి బఠాణీ గింజ అనుకుంటే అది పెద్ద గుమ్మడికాయట. నేననుకున్నాను, అంత లావున్నవాడు చలికి వణకడమేమిటి అని. కానీ ఆమె అన్నది మళ్ళీ విను: చుక్కల్లో చల్లటి చుక్క. మనవాళ్ళు సరిగ్గానే చూశారు.

పెళ్ళాల నాలుక అన్న మాట ఇక చెప్పను. నవ్వుతారని చెప్పాను, నవ్వితే మళ్ళీ వస్తారని ఇక్కడి యజమానికి ఇష్టం. సింహం సంగతి నాకు తోచలేదు.

హెస్టర్‌కి ఇప్పుడే ఏమీ చెప్పవద్దని ఎవరైనా ఆవిడని బతిమాలితే బావుండును.

ఎఫ్రయిమ్


కీట్‌మన్స్‌హూప్,
25 ఫిబ్రవరి 1996

ఎఫ్రయిమ్,

బతిమాలించుకోడానికి నేను ఖాళీగా లేను. శనివారం బెర్సెబా వెళ్ళాను.

హెస్టర్ దొడ్డి దగ్గర ఉంది. అతుకుల గౌను మోకాళ్ళ దాకా దోపుకుని ముళ్ళకంచె సరిచేస్తోంది. చేతుల నిండా గీతలు. "ఖాళీ దొడ్డికి కంచె ఎందుకే?" అన్నాను.

"ఖాళీ అని దొడ్డికి తెలియకూడదు వదినా, తెలిస్తే కూలిపోతుంది" అంది.

లోపల కూర్చున్నాం. నువ్వు ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళిన ఆ ఒక్క మేక పాలతో కాఫీ ఇచ్చింది. నేను విడిది సంగతి చెప్పేశాను. తిట్టుకో. అది కాఫీ ఊదుకుంటూ వింది. కప్పు దించాక, "ఒళ్ళు చేశారా, చిక్కారా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

"వాడు వెళ్ళేటప్పుడు నువ్వేమన్నావు?" అన్నాను.

"మేకలతో వస్తే రా, లేకపోతే ఆ కొంకీప్ ఇసుకలోనే పడుండు అన్నాను."

"అంత మాటా?"

"పొద్దున్నే ఇంట్లో పిండి లేదు వదినా. మీ తమ్ముడేమో టోపీ కోసం ఇల్లంతా తిరగేస్తున్నాడు. ముద్దు పెట్టి పంపమంటారా?"

"వాడు ఆ మాట పట్టుకుని కూర్చున్నాడేమోనే."

హెస్టర్ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. "ఇన్నేళ్ళలో నేను చెప్పినవి ఎన్ని ఉన్నాయి! కప్పు కడగమన్నాను, పాక మీద కప్పిన చాప మార్చమన్నాను, పంటికి చూపించుకోమన్నాను. అన్నీ వదిలేసి విన్నది ఇదొక్కటేనా?"

చీకటి పడ్డాక బయట సంకటి కలుపుతున్న హెస్టర్‌కి ఆకాశం చూపించాను. ఆ వణికేవాణ్ణి చూడు, మీ ఆయనలాగే ఉన్నాడు అన్నాను. గరిటె ఆపకుండానే అంది: "వాడు పెళ్ళాల వెనకాలే వస్తున్నాడుగా వదినా. వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి. ఇంటికి దూరంగా ఉన్నాననుకుంటున్నాడు, మొద్దు."

అరబ్బు పెద్దాయన అన్నదీ ఇదే కదా? ఇంత చదివి, ఇన్ని కరపత్రాలు రాసి, నేను మాత్రం సింహంతో పోట్లాటలో పడి ఈ ముక్క చూడలేదు.

ఇక తిన్నగా అడుగుతున్నాను. కోపంతో కాదు. మేకలు బతికి ఉన్నాయా?

లీదియా


విడిది, కొంకీప్ వాగు,
12 మార్చి 1996

అక్కా,

ఈ మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. మధ్యలో కెటిల్ వద్దు, కుక్క వద్దు. నువ్వే.

లేవు. గంట ఉన్న పోతూ, దాని వెనక ఓ నాలుగు మిగిలాయి. మగ్దలీన వంటింటి వెనక కట్టేసి క్యాబేజీ ఆకులు పెడుతోంది. మిగతావన్నీ పోయాయి.

వాగులో ఈసారి చెలమ తవ్వినా నీళ్ళు పడలేదు. ఊట ఉంది, కానీ అది కంచెకి అవతల ఉంది. ఎప్పుడూ ఉన్నది అక్కడే. పాత దొర కంచె పని చేయించుకుని మందకి నీళ్ళు తాగనిచ్చేవాడు. పోయినేడాది ఆయన అమ్మేసి వెళ్ళిపోయాడు. కొత్త యజమాని పశువుల్ని తీసేసి అడవి జంతువుల్ని తెచ్చి వదిలాడు. చూడ్డానికి అతిథులొస్తారు కదా. గేటుకి తాళం వేశాడు. నేను ఒకసారి వెళ్ళి అడిగాను. మర్యాదగానే మాట్లాడాడు, అక్కా, అదే నన్ను చంపింది. "నీళ్ళు జీబ్రాలకే చాలడం లేదు, అర్థం చేసుకో" అన్నాడు. అర్థం చేసుకున్నాను. తల ఊపాను కూడా.

మేకలు కంచె తీగని ఆనుకుని నిలబడ్డాయి. అవతల జీబ్రాలు తాగుతున్నాయి. ఆ వాసనకి మేకలు అక్కడి నుంచి కదలలేదు. ఎంత తోలినా మళ్ళీ అక్కడికే వచ్చాయి. నా దగ్గర తీగ కత్తిరించే పటకారు ఉంది. తియ్యలేదు. రోజుకి కొన్ని చొప్పున పడిపోయాయి. పాలిచ్చేవే ముందు పోయాయి.

ఆ విడిది ఆయనదే. నేనున్నది ఆయన దగ్గరే. అవన్నీ అయిపోయాక కంచె పక్కన కూర్చుని ఉంటే జీపు ఆపి, "నీకు చుక్కల కథలు వచ్చా? అతిథులకి బాగుంటుంది" అన్నాడు. వచ్చు అన్నాను. ఆ కంచె పక్క దిబ్బ మీదే నిలబడి జీబ్రాల చుక్కలు చూపిస్తున్నాను. కింద మన మేకల ఎముకలున్నాయి. అతిథులు వాటిని దాటుకుని వస్తారు, ఎడారి కదా అనుకుంటారు.

నువ్వన్నది నిజమే, హెస్టర్ మాటే పట్టుకు కూర్చున్నాను. కానీ దానికి భయపడి కాదు. అది నన్నలా అనగలిగింది నేను మందతో వస్తానన్న నమ్మకంతోనే కదా. ఉత్త చేతులతో పోయి ఆ నమ్మకం మొహం ఎలా చూడను?

నువ్వు ఏరుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఐదూ తీసుకో. ఒట్టు తప్పాను, కాదనను.

నీ తమ్ముడు,
ఎఫ్రయిమ్


కీట్‌మన్స్‌హూప్,
31 మార్చి 1996

నా తమ్ముడూ,

నీ ఉత్తరం బడిలో అందింది. పిల్లలకి లెక్కలిచ్చి గోడవైపు తిరిగి చదివాను. "అక్కా" అన్న మాట రెండుసార్లు చదివాను. నువ్వు ఇంకా వయసు రాని పిల్లాడిగా ఉన్నప్పుడు ముల్లు గుచ్చుకుని చివరిసారి అలా పిలిచావు. తర్వాత ఇదే.

విను. నువ్వు ఒట్టు తప్పలేదు. నీ చేత తప్పించారు. రెండిటికీ తేడా నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళుగా ఆ తేడా గురించే అరుస్తున్నాను. కరువు మేకల్ని చంపిందని ఆఫీసు కాగితాల్లో రాసుకుంటారు. కరువు కంచెకి రెండు వైపులా వచ్చింది కదా? మరి ఒక వైపే ఎందుకు చచ్చాయి? ఆ ఊటకి మన ముత్తాతల మందలు వెళ్ళేవి. తీగ తర్వాత వచ్చింది, పట్టా ఆ తర్వాత వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఆరేళ్ళయింది, జెండా మారింది, తాళం మారలేదు. ఇది నేను పేపర్లో రాస్తాను, నీ పేరు లేకుండా, ఆ తాళంతో సహా. మన ముసలాయన మళ్ళీ ఉమ్ముకోవచ్చు, ఈసారి ఎటువైపు ఉమ్ముతాడో చూద్దాం.

కానీ నీ మీద కూడా నాకు కోపం ఉంది. మేకలు పోయినందుకు కాదు. ఇంటికి రానందుకు. సింహం నీ బాణం తీసుకుంది, సరే. ఇల్లు కూడా దానికే ఇచ్చేస్తావా? బెర్సెబా వెళ్ళి హెస్టర్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. పాలిచ్చేవి ముందు పోయాయన్న చోట నా చెయ్యి పట్టుకుంది. చివర, "ఆయన అక్కడ ఒక్కడే చూశాడా అవన్నీ?" అంది. మర్నాడు పొద్దున్న మళ్ళీ కంచె దగ్గరే ఉంది. ఈసారి దొడ్డిని చిన్నది చేస్తోంది, ఐదింటికి సరిపోయేలా.

నిన్న సాయంత్రం చూశాను. ఖునుసెతి ఆడవాళ్ళు పడమటి కొండ మీదికి వాలారు. ఇంకొన్నాళ్ళలో కనబడరు. ఆ ఎర్రటి ముసలాడు వెనకాలే దిగుతున్నాడు. అన్ని దేశాలవాళ్ళు అన్ని పేర్లు పెట్టారు కానీ, నాకు ఆ అరబ్బు పెద్దాయనదే నచ్చింది.

ఒట్టు మాఫీ చెయ్యడం లేదు. అక్క హక్కు అక్క హక్కే. ఏరుకున్నాను. నాకు కావలసినవి ఇవి:

1. గంట ఉన్న పోతు, దాని వెనక ఆ నాలుగూ. అవి ఈ రోజు నుంచి నావి. వాటిని నడిపించుకుంటూ బెర్సెబాకి తెచ్చి హెస్టర్ దొడ్డిలో కట్టాలి. మేపడం మీ ఇద్దరి పని.

2. విడిదిలో చివరి సాయంత్రం కథ పూర్తిగా చెప్పాలి. పెళ్ళాల దగ్గర ఆపకూడదు. సింహం ఎవరిదో చెప్పాలి. అతిథుల్ని కంచె వైపు తిప్పి, కింద ఉన్నవి ఎవరి ఎముకలో చూపించాలి. ఎవరూ నవ్వకపోతే నవ్వకపోనీ.

3. మగ్దలీనకి నా తరఫున దండం పెట్టాలి, క్యాబేజీ ఆకులకి.

4. వచ్చే దారిలో పంటికి చూపించుకోవాలి. ఇది హెస్టర్ డిమాండు, నాది కాదు.

5. నాతో నేరుగా మాట్లాడాలి. కెటిల్‌ని అటక మీద పెట్టేశాను.

6. టోపీ తీసి ఇంట్లోకి రావాలి.

7. ఇక ఎవరి మీదా ఒట్టు పెట్టకూడదు. ఊరికే రావాలి.